తన మంచము ఇచ్చిన స్త్రీ
(శతాబ్ది కూడికలలో వృద్ధుల పరిచర్యను గూర్చి చేసిన ప్రసంగము)



ఈ శతాబ్ది సంవత్సరములో మనమందరము పాతవాటిని వెదకి పైకి తీస్తున్నాము. పాత ఫోటోలు, బాప్తిస్మపు రిజిస్టర్లు, పునాదిరాళ్ల మీద చెక్కిన పేర్లు అన్నీ దుమ్ము దులిపి చూచుకొంటున్నాము. ఇది చేయదగిన పనియే. నూరేండ్లు నిండిన సంఘమంటే ఎవరికైనా గౌరవము కలుగుతుంది. మరి ఎనభై ఏండ్లు నిండిన మనిషి మాటేమిటి? గుడి గోడకు వయసు మీరితే సున్నము వేయిస్తాము, పెచ్చులూడితే చందాలు వేసుకొని బాగు చేయిస్తాము. ఆ గుడిలో నలభై ఏండ్లు ఒకే చోట కూర్చొని పాటలు పాడిన తల్లి మోకాళ్ల నొప్పులవలన రావడము మానుకొంటే, ఆమె రావడము లేదని గమనించడానికే సంఘమునకు కొన్ని నెలలు పడుతుంది. అందుచేత మాకిచ్చిన ఈ కొద్ది సమయములో వృద్ధుల పరిచర్యను గూర్చి మాట్లాడాలని తలంచాము.

ఇందుకు మాదిరిగా ఒక కథోలిక మఠకన్యల సమాజమును తీసుకొన్నాము. వారి పేరు లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్, అనగా పేదల చిన్న సహోదరీలు. మనది ప్రొటెస్టంట్ సంఘము గదా, మనకు వారి కథ ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. ప్రభువు తన వారికి పాఠము చెప్పవలసి వచ్చినప్పుడు పొరుగు దేశపు సమరయుని చూపించాడు. కథోలికులు మనకు అంత దూరపువారు కూడా కారు. 1849లో ఫ్రాన్సు వైపునుండి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు మన ఈ తీరమునకు వచ్చిననాటి నుండి విశాఖపట్నపు ప్రజలు మఠకన్యల సేవను ఎరిగే ఉన్నారు. మేలు ఎక్కడ కనబడినా నేర్చుకోవడములో సిగ్గు లేదు.

ఇక కథలోనికి వస్తాము. 1792 అక్టోబరు 25న ఫ్రాన్సు దేశములో బ్రిటనీ తీరమున, కాన్కాల్ అనే జాలరి ఊరిలో జీన్ జుగాన్ పుట్టింది. తండ్రి జాలరి. ఆమె చిన్న పిల్లగా ఉన్నప్పుడే సముద్రము మీదికి పోయి తిరిగి రాలేదు. తల్లి కష్టపడి పిల్లలను పెంచింది. జీన్ పశువులను కాచింది, ఒక గొప్పవారి ఇంట వంటయింటి పనికి కుదిరింది. తరువాత సెయింట్ సెర్వాన్ అనే రేవు పట్టణమునకు వచ్చి ఆసుపత్రిలో పనిచేసింది, ఆ తరువాత ఒకరింట పన్నెండేండ్లు పనిమనిషిగా ఉన్నది. చదువు, ఆస్తి, అండ ఏవీ లేని స్త్రీ.

సెయింట్ సెర్వాన్ కూడా మన విశాఖవలె రేవు పట్టణమే. ఓడల మీద పోయిన మగవారిలో తిరిగి రానివారు ఎందరో. వారి భార్యలు, తల్లులు ముసలివారై వీధుల వెంట అడుక్కొని బ్రదికేవారు. 1839వ సంవత్సరము శీతకాలమున గ్రుడ్డిదై, ఒక ప్రక్క పడిపోయిన ఒక వృద్ధురాలిని జీన్ జుగాన్ తన ఇంటికి తెచ్చుకొన్నది. అప్పటికి జీన్‌కు నలభై ఏడేండ్లు. మరి ఇద్దరు స్త్రీలతో కలిసి మేడమీద అద్దెకున్న చిన్న వాటా అది. ఇరుకైన మెట్లమీదుగా ఆ ముసలమ్మను మోసుకొనిపోయి తన మంచము మీద పండుకొనబెట్టింది. తాను అటకమీదికి మారింది.

ప్రియులారా, ఈ సంగతి దగ్గర కొంచెము ఆగుదాము. ఆమె ముందుగా కమిటీ వేయలేదు, స్థలము కొనలేదు, కట్టడము కట్టించలేదు. ఉన్న ఒక్క మంచము ఇచ్చింది. మిగిలిన పాతబట్టలను పేదలకిస్తే అది దానము. తాను పడుకొనే మంచమును ఇవ్వడము వేరు. దీనినే ఆ సిస్టర్లు ఆతిథ్యము అంటారు. మఠకన్యలు సాధారణముగా పేదరికము, పవిత్రత, విధేయత అని మూడు మ్రొక్కులు తీసుకొంటారు. ఈ సమాజమువారు వాటికి తోడు ఆతిథ్యము అనే నాలుగవ మ్రొక్కు కూడా తీసుకొంటారు. వృద్ధులు వారి ఇంటికి వచ్చిన అతిథులు. వారిని రోగులని గాని, కేసులని గాని తలచరు.

ఒకరు వచ్చాక ఇద్దరు వచ్చారు. 1841లో పెద్ద గది తీసుకొని పన్నెండు మందిని ఉంచుకొన్నారు. మరుసటి సంవత్సరము పాత మఠము ఒకదానిని కొన్నారు. అంతమందికి తిండి ఎక్కడిది? ఆ ముసలివారిలో అనేకులు అంతవరకు ముష్టి ఎత్తుకొన్నవారే. జీన్ వారిని అడిగింది: మీకు రోజూ ఎవరెవరు ధర్మము చేసేవారు, ఏయే వీధులకు వెళ్లేవారు? వారు చెప్పిన ఇండ్ల జాబితా పట్టుకొని, బుట్ట చేతబట్టుకొని వారికి బదులుగా తానే బయలుదేరింది. ఇకమీదట ఆ ముసలమ్మ రాదు, ఆమె వంతు నాకివ్వండి అని అడిగింది. మిగిలిన రొట్టె ఇచ్చినా, పాత దుప్పటి ఇచ్చినా పుచ్చుకొన్నది. ఒకసారి ఒకాయన కోపగించి ఆమెను కొట్టాడట. ఇది నాకిచ్చారు, ఇప్పుడు నా పేదలకు ఏమైనా ఇవ్వండి అని ఆమె నెమ్మదిగా అడిగిందని ఆ సమాజమువారు నేటికీ చెప్పుకొంటారు.

ముసలివారి సిగ్గును ఆమె తన మీద వేసుకొన్నది. మన పాదిరులు, సంఘపెద్దలు దీనిని బాగా ఆలోచించాలి. సహాయము కావలసిన వృద్ధుడు ఆఫీసు గది ముందు నిలువబడి దరఖాస్తు పట్టుకొని వంగి అడుగవలసివస్తే, మనము ఇచ్చినది ఎంతైనా అందులో సగము గౌరవము పోయినట్టే. అతని తరఫున వేరొకరు అడగాలి.

ఆమె పనిని చూచి 1845లో ఫ్రెంచి అకాడమీవారు మోంతియోన్ బహుమతి 3,000 ఫ్రాంకులు ఇచ్చారు. ఆ ప్రశంసా పత్రమును కూడా ఆమె చందాలు అడగడానికే వాడుకొన్నది. రెన్, దినాన్, తూర్ మొదలైన పట్టణములలో గృహములు లేచినవి. 1851లో లండనులోను, 1868లో అమెరికాలోను ప్రారంభించారు. 1865లో ఒక ప్రశ్న వచ్చింది. ఏటేటా స్థిరముగా వచ్చే ఆదాయమును సమాజము ఉంచుకోవచ్చునా? వద్దని తీర్మానించుకొన్నారు. ఆ సలహా ఇచ్చినవారిలో జీన్ జుగాన్ కూడా ఉన్నది. అందుచేత నేటికీ వారు దినదినము వచ్చే దానముల మీదనే ఆధారపడుతారు. సిస్టర్లు ఇద్దరిద్దరుగా బజార్లకు వెళ్లి కూరలు, బియ్యము, బట్టలు అడిగి తెస్తారు. వడ్డీ మీద నడిచే ఆశ్రమమునకు ఊరి మనుష్యుల గడప ఎక్కవలసిన అవసరము ఉండదు. బుట్ట మీద నడిచే గృహము ఊరివారందరినీ ఆ వృద్ధులకు బంధువులుగా చేస్తుంది.

ఇప్పుడు ఈ కథలో బాధాకరమైన భాగము చెప్పాలి. 1842లో తోటివారు జీన్ జుగాన్‌ను పెద్దగా ఎన్నుకొన్నారు. 1843లో మళ్లీ ఆమెనే ఎన్నుకొంటే, సలహాదారుగా ఉన్న లె పాయెర్ అనే యువ గురువు ఆ ఎన్నికను ప్రక్కకు నెట్టి, ఇరవై మూడేండ్ల మేరీ జామేను పెద్దగా నియమించాడు. 1852లో జీన్‌ను చందాల పనినుండి కూడా తప్పించి ప్రధాన మఠమునకు పిలిపించారు. అక్కడ ఆమె ఇరవై ఏడేండ్లు, అంటే చనిపోయేవరకు, ఏ పదవీ లేకుండా గడిపింది. క్రొత్తగా చేరిన యువతుల మధ్య కూర్చొని పని చేసుకొనేది. ఈ సమాజమును స్థాపించినది ఈమెయే అని వారిలో అనేకులకు తెలియదు. స్థాపకుడు లె పాయెర్ అని చెప్పేవారు. 1879 ఆగస్టు 29న, ఎనభై ఆరవ ఏట ఆమె కన్ను మూసింది. అప్పటికి 177 గృహములు, 2,400 మంది సిస్టర్లు ఉన్నారు. 1890లో రోమునుండి విచారణ జరిగి లె పాయెర్‌ను తొలగించారు. నిజము నిలుకడమీద బయటపడింది. 1982లో ఆమెను ధన్యురాలిగాను, 2009 అక్టోబరు 11న పునీతురాలిగాను కథోలిక సంఘము ప్రకటించింది.

వృద్ధులను ఆదరించడానికి పుట్టిన సమాజమే, తనను కన్నతల్లివంటి వృద్ధురాలిని మూలకు నెట్టింది! వృద్ధులను నెట్టివేసేది కఠినులైన కొడుకులూ కోడళ్లూ మాత్రమే కాదని దీనివలన తెలుస్తున్నది. భక్తిగల సంస్థ కూడా, మంచి పని చేస్తూ చేస్తూనే, ఆ మంచి పనిని మొదలుపెట్టినవారిని మరచిపోగలదు. పని పెరిగినకొద్దీ మనుష్యులు అడ్డుగా కనబడతారు. పదవి లేని పెద్దమనిషికి ఏమి విలువ ఇస్తున్నాము అన్నదే సంఘమునకు నిజమైన పరీక్ష. అయినను జీన్ జుగాన్ చేదు పెట్టుకోలేదు. తన చుట్టూ ఉన్న పడుచులకు ప్రార్థన, ఓర్పు, ముసలివారితో మెలగే తీరు నేర్పింది. పదవి పోయినా పరిచర్య పోలేదు.

ఈ సిస్టర్లు 1882లో కలకత్తాకు వచ్చారు. మన తెలుగు నేలమీద సికింద్రాబాదులో వారి వృద్ధుల గృహము ఉన్నది. 1948లో మదర్ తెరేసా తన పాత మఠము విడిచి మురికివాడల పరిచర్యకు బయలుదేరినప్పుడు, కలకత్తాలో మొదట బస చేసినది ఈ పేదల చిన్న సహోదరీల ఇంటనే. అక్కడినుండే ఆ డిసెంబరులో ఆమె మొదటిసారి ఆ వాడలకు నడిచి వెళ్లారు. 1952లో ఆమె కాళీఘాటులో మరణాసన్నుల కొరకు గృహము తెరిచారు. ఒకరి ఆతిథ్యములో ఇంకొకరి పరిచర్య మొలకెత్తుతుంది.

వారి గృహములలో పాటించే పద్ధతులు కొన్ని చెప్తాము. బీదవారైన వృద్ధులను మతము చూడకుండా చేర్చుకొంటారు. చేతనైనవారికి చేతనైన పని ఉంటుంది. జీన్ కాలములోనే ముసలమ్మలు నూలు వడికేవారు. తాము ఇంకా పనికివస్తామని తెలిస్తే మనిషికి ప్రాణము లేచివస్తుంది. అన్నిటికంటె ముఖ్యమైనది ఇది: మరణము దగ్గర పడినవారిని రాత్రింబగళ్లు ఒంటరిగా విడువరు. సిస్టర్లు వంతులు వేసుకొని ప్రక్కన కూర్చొని ప్రార్థిస్తారు, చేయి పట్టుకొంటారు.

వంతులు అనే మాట మన ఇండ్లలో వేరొక అర్థములో వినబడుతున్నది. ముగ్గురు కొడుకులుంటే తల్లి నెలకొకరి దగ్గర. ఇద్దరైతే నాన్న పెద్దవాడి దగ్గర, అమ్మ చిన్నవాడి దగ్గర. యాభై ఏండ్లు కాపురము చేసిన దంపతులను ఆస్తి పంచినట్టు పంచుతాము. నెల మారిన మరునాడు సంచి సర్దుకొని గుమ్మములో కూర్చున్న తల్లిని పాదిరులెవరైనా చూచే ఉంటారు.

మన పట్టణము సంగతి చూడండి. 1933లో రేవు తెరిచారు. 1941లో సింధియావారు ఓడల కార్ఖానా మొదలుపెట్టారు. 1957లో నూనె శుద్ధి కర్మాగారము వచ్చింది. ఉక్కు కర్మాగారము కొరకు 1966లో పెద్ద ఆందోళన జరిగింది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో దానిని జాతికి అంకితము చేశారు. శ్రీకాకుళము, విజయనగరము పల్లెలనుండి పడుచువారు వచ్చి బరువులు మోశారు, కొలుముల దగ్గర చెమటోడ్చారు. పట్టణము పడుచుతనము మీద లేచింది. ఆ పడుచువారు ఇప్పుడు ముసలివారు. రిటైరైననాడు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చింది. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫు, అమెరికా వెళ్లారు. వారిని చదివించింది కూడా ఈ ముసలివారే గదా! గాజువాకలోనో మల్కాపురములోనో రెండు గదుల ఇంట ఫోను ఎదుట కూర్చున్న తల్లిదండ్రులున్నారు. కాంట్రాక్టు కూలికి పోయి ఏ పింఛనూ లేనివారి గతి ఇంకా హీనము. భూములిచ్చి నిర్వాసితులైన ఊళ్ల ముసలివారికి చెట్టు క్రింద కూర్చొనే రచ్చబండ కూడా మిగలలేదు.

ప్రభుత్వము ఏమీ చేయలేదని అనలేము. ఆంధ్ర రాష్ట్రములో వృద్ధాప్య పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలు చేశారు. తల్లిదండ్రుల పోషణ కొరకు 2007లో కేంద్ర చట్టము వచ్చింది. దానిప్రకారము ఆర్.డి.ఓ. స్థాయి అధికారి వద్ద ఫిర్యాదు పెట్టుకోవచ్చును. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. ఈ సంగతి మన వృద్ధులకు తెలియజెప్పాలి. అయితే కన్నకొడుకు మీద కాగితము పెట్టే తల్లి ఎంతమందిలో ఒకతె? చట్టము అన్నము పెట్టించగలదు గాని ప్రక్కన కూర్చోబెట్టలేదు.

ఇక లేఖనమునకు వస్తాము. మార్కు సువార్త ఏడవ అధ్యాయములో కొర్బాను మాట మీరెరుగుదురు. తల్లిదండ్రులకు చేయవలసినదానిని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొన్నవారిని ప్రభువు గద్దించాడు. ఇది గుడికి రానివారికి చెప్పిన మాట కాదు, కానుకలు ఇచ్చేవారికి చెప్పిన మాట. ఇంట తల్లికి మందులు కొనక గుడికి ఫ్యాను ఇచ్చి పేరు వ్రాయించుకొంటే ఆ ఫ్యాను గాలి ఎవరికి చల్లన? తల్లి బ్రదికుండగా చూడనివారు, ఆమె పోయిన తరువాత జ్ఞాపకార్థ కూడికకు షామియానా వేసి, ఆమె పెద్ద ఫోటోతో ఫ్లెక్సీ కట్టి, ఐదువందల మందికి భోజనాలు పెడుతున్నారు. ఆ భోజనములో ఒక వంతు ఖర్చు ఆమె బ్రదికున్నప్పుడు పాలకు, కండ్ల ఆపరేషనుకు పెట్టి ఉండవచ్చును గదా. ప్రభువైతే సిలువ మీద వేదనపడుతూ కూడా తన తల్లికి ఒక ఇల్లు చూపించి వెళ్లాడు. యోహాను ఆమెను తన ఇంట చేర్చుకొన్నాడు. ఆశ్రమములో చేర్చలేదు.

అలాగని ఆశ్రమములు వద్దని మేము చెప్పడము లేదు. ఎవరూ లేనివారున్నారు. ఉన్నవారి చేత దెబ్బలు తినేవారున్నారు. మంచానపడ్డ అత్తను రాత్రింబగళ్లు ఒక్కతే చూచుకొంటూ నడుము విరిగిన కోడళ్లున్నారు. వారిని నిందించడము సులభము. కన్నకొడుకు ఆఫీసు పేరు చెప్పి తప్పుకొంటే భారమంతా ఆ ఒక్క స్త్రీ మీద పడుతున్నది. ఆమెకు సహాయము చేయకుండా తల్లిదండ్రులను సన్మానించాలని బోధిస్తే ఆ బోధ బరువే గాని బలము కాదు. అలాగే సిస్టర్లున్నారు గదా, వారు చూచుకొంటారని అనుకోవడమూ సరికాదు. పాశ్చాత్య దేశములలో మఠములలో చేరేవారు తగ్గిపోయి, ఈ సమాజమువారు ఇటీవల కొన్ని గృహములను విడిచిపెట్టవలసి వచ్చింది. అందుచేత సామాన్య విశ్వాసులను కూడా జీన్ జుగాన్ పేరిట ఒక సహవాసముగా చేర్చుకొని ఈ పనిలో భాగస్థులను చేస్తున్నారు. ఆమె మొదలుపెట్టిననాడు ఆమె కూడా ఒక పనిమనిషియే, మఠకన్య కాదు. ఈ ఆతిథ్యము మొదట సామాన్య విశ్వాసియే చేసినది.

కాబట్టి ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి సంఘమూ చేయగల కొన్ని పనులను మనవి చేస్తున్నాము. వీటికి పెద్ద నిధి అక్కరలేదు.

మొదటిది, ప్రతి సంఘములో డెబ్బది ఏండ్లు దాటినవారి పట్టీ వ్రాయాలి. పేరు, వీధి, ఎవరితో ఉంటున్నారు, ఏ మందులు వాడుతున్నారు అన్నవి అందులో ఉండాలి. బాప్తిస్మపు రిజిస్టరువలె దీనిని కూడా భద్రము చేయాలి.

రెండవది, జీన్ బుట్టవలె మనమూ ఒక బుట్ట పెట్టాలి. యౌవనస్థులు ఇద్దరిద్దరుగా నెలకొకసారి ఇంటింటికి వెళ్లి బియ్యము, పప్పు, మందుల డబ్బు పోగుచేసి, వృద్ధుల ఇంటికే తీసుకొనిపోయి ఇవ్వాలి. పుచ్చుకొన్నవారి పేరు ఎక్కడా చదువకూడదు.

మూడవది, పెద్దాసుపత్రిలో ఒంటరిగా పడియున్న మన వృద్ధుల ప్రక్కన రాత్రిపూట కూర్చోవడానికి పురుషులు వంతులు వేసుకోవాలి. వంతులు అనే మాటకు మంచి అర్థము మళ్లీ తేవాలి.

నాల్గవది, మంచానపడినవారున్న ఇంటికి వారమునకు ఒక పూట ఇద్దరు తల్లులు వెళ్లి, ఆ కోడలినో కూతురినో కొంచెము సేపు బయటికి పంపాలి. ఆమె ఆదివారము ఆరాధనకు రాగలిగితే అదే చాలు.

ఐదవది, గుడికి రాలేనివారి ఇంటికి పాదిరి ప్రభురాత్రి భోజన సంస్కారము తీసుకొని వెళ్లినప్పుడు గడియారము చూడకుండా కూర్చోవాలి. వారి దగ్గర మన సంఘ చరిత్ర ఉన్నది. ఈ సంచికకు కావలసిన సంగతులు ఎన్నో వారి నోటనే ఉన్నవి.

ఆరవది, పెండ్లికి, గృహప్రవేశమునకు కృతజ్ఞతార్పణ ఇచ్చే ప్రతి కుటుంబమును పాదిరి మెల్లగా ఒక ప్రశ్న అడగాలి: అమ్మ ఎక్కడ పడుకొంటున్నది? వరండాలోనా, వంటగదిలోనా, మంచము మీదనా? ఈ ప్రశ్న కష్టముగా ఉంటుంది. కాని జీన్ జుగాన్ పరిచర్య అంతా ఒక మంచము దగ్గరే మొదలైంది.

సహోదరులారా, దేవుని చిత్తమైతే మనమూ వృద్ధులమవుతాము. ఈ రోజు మన పిల్లలు మన మాటలు వినడము లేదేమో గాని, మనము మన తల్లికి అన్నము పెట్టే తీరును చూస్తూనే ఉన్నారు. శిశువైన యేసును దేవాలయములో గుర్తుపట్టి స్తుతించినవారు సుమెయోను, అన్న అనే వృద్ధులు. వారు దేవాలయములో ఉండబట్టే గదా ఆ శిశువును చూచారు. మన దేవాలయములలో వారి చోటు ఖాళీగా ఉండకూడదు. నూరేండ్లు మన సంఘమును ఎత్తుకొని వచ్చిన దేవుడు, తల నెరిసినవారిని ఎత్తుకొనే చేతులుగా మనలను చేయును గాక. ఆమేన్.